లావాదేవీల డేటాబేసు - డేటా వేర్‌హౌస్ అనుసంధానం

లావాదేవీల డేటాబేసు - డేటా వేర్‌హౌస్ అనుసంధానం అనగా, ఒక సంస్థ రోజువారీ పనులను నమోదు చేసే డేటాబేసు నుండి సమాచారాన్ని క్రమబద్ధంగా సేకరించి, విశ్లేషణ కొరకు ప్రత్యేకంగా నిర్మించిన మరొక నిల్వకు చేర్చే ప్రక్రియ. మొదటిదానిని లావాదేవీల డేటాబేసు అని, రెండవదానిని డేటా వేర్‌హౌస్ అని అంటారు. వేర్‌హౌస్ అంటే గిడ్డంగి. పొలంలో పండిన ధాన్యాన్ని తూర్పారబట్టి, తూకం వేసి, రకాల వారీగా గిడ్డంగిలో పేర్చినట్లే, వేర్వేరు చోట్ల పుట్టిన సమాచారాన్ని శుభ్రపరచి, ఒకే కొలమానానికి తెచ్చి ఇందులో నిల్వ చేస్తారు. ప్రస్తుతం ఈ రెండు వ్యవస్థలూ ఎక్కువగా క్లౌడ్‌లో, అనగా అంతర్జాలం ద్వారా అద్దెకు లభించే కంప్యూటర్లలో నడుస్తున్నాయి.

బ్యాంకులు, రైల్వే టిక్కెట్లు, దుకాణాలు, ఆసుపత్రులు మొదలుకొని ప్రభుత్వ కార్యాలయాల వరకు ఈ అనుసంధానం వాడుకలో ఉన్నది. ఇందులో జరిగే పొరపాట్లు నివేదికలలోని అంకెలను మాత్రమే కాక, ఆ అంకెల ఆధారంగా తీసుకొనే నిర్ణయాలను కూడా ప్రభావితం చేస్తాయి.

## రెండు వ్యవస్థల మధ్య భేదం

లావాదేవీల డేటాబేసు పని, ఒక్కొక్క వ్యవహారాన్ని తప్పు లేకుండా, త్వరగా పూర్తి చేయడం. ఒక లావాదేవీ పూర్తిగా జరగాలి, లేదా అసలు జరగకూడదు. కొనుగోలుదారు ఖాతా నుండి సొమ్ము తగ్గి, అమ్మకందారు ఖాతాలో చేరకుండా మధ్యలో ఆగిపోరాదు. ఒకే సీటును ఇద్దరికి అమ్మరాదు. విద్యుత్తు పోయినా నమోదైనది చెరిగిపోరాదు. ఈ హామీల కొరకు డేటాబేసు సంబంధిత వరుసలకు తాత్కాలికంగా తాళం వేస్తుంది, ప్రతి మార్పునూ ముందుగా ఒక చిట్టాలో వ్రాసుకొంటుంది.

డేటా వేర్‌హౌస్ పని ఇందుకు భిన్నమైనది. అది ఒక్క వ్యవహారాన్ని వెదకదు, లక్షల వ్యవహారాలను ఒకేసారి చదివి మొత్తాలు, సగటులు, పోలికలు లెక్కకడుతుంది. అందువలన నిల్వ చేసే పద్ధతి కూడా మారుతుంది. లావాదేవీల డేటాబేసులు సాధారణంగా పట్టికలోని ఒక అడ్డు వరుసకు చెందిన వివరాలన్నింటినీ ఒకేచోట ఉంచుతాయి. వేర్‌హౌస్‌లు ఎక్కువగా నిలువు వరుసల వారీగా నిల్వ చేస్తాయి. ముప్పయి నిలువు వరుసలున్న పట్టికలో తేదీ, మండలం, విలువ అనే మూడింటితోనే పని ఉన్నప్పుడు తక్కిన ఇరవై ఏడింటిని చదవవలసిన అవసరం ఉండదు. పైగా ఒకే రకపు విలువలు పక్కపక్కనే ఉండుట వలన వాటిని కుదించి తక్కువ స్థలంలో ఉంచవచ్చు.

ఒకే డేటాబేసుతో రెండు పనులూ చేయిస్తే, పెద్ద లెక్క నడుస్తున్నంతసేపు చిన్న వ్యవహారాలు నెమ్మదిస్తాయి. కౌంటరు వద్ద నిలబడినవారు వేచి ఉండవలసి వస్తుంది. రెండింటినీ విడదీసి అనుసంధానించడానికి ప్రధాన కారణం ఇదే.

## చరిత్ర

ఐబీఎం సంస్థలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించిన రిలేషనల్ నమూనా నేటి లావాదేవీల డేటాబేసులకు పునాది. డేటా వేర్‌హౌస్ అనే భావనను అదే సంస్థకు చెందిన బ్యారీ డెవ్లిన్, పాల్ మర్ఫీ 1988లో ప్రచురించిన వ్యాసంలో వివరించారు. 1992లో బిల్ ఇన్‌మన్, 1996లో రాల్ఫ్ కింబాల్ వ్రాసిన పుస్తకాలు ఈ రంగంలో రెండు ప్రధాన మార్గాలను చూపాయి. ముందుగా సంస్థ మొత్తానికి ఒకే కేంద్ర నిల్వను నిర్మించాలని ఇన్‌మన్ చెప్పగా, ఒక్కొక్క పనికి సంబంధించిన కొలతల పట్టికలను నిర్మించుకొంటూ, ఉమ్మడి వివరాల ద్వారా వాటిని కలపవచ్చునని కింబాల్ చెప్పారు.

2005లో మైకేల్ స్టోన్‌బ్రేకర్ బృందం వెలువరించిన సీ-స్టోర్ పరిశోధన నిలువు వరుసల నిల్వకు ప్రాచుర్యం కల్పించినది. గూగుల్ బిగ్‌క్వెరీ 2010లో, అమెజాన్ రెడ్‌షిఫ్ట్ 2012లో ప్రకటించబడినవి. స్నోఫ్లేక్ సంస్థ 2012లో స్థాపించబడినది. వీటి వలన వేర్‌హౌస్ కొరకు ఖరీదైన యంత్రాలు కొనవలసిన అవసరం తగ్గి, వాడినంతకే చెల్లించే పద్ధతి వచ్చినది. 2022 నవంబరులో అమెజాన్ తన అరోరా డేటాబేసును రెడ్‌షిఫ్ట్‌తో నేరుగా కలిపే సదుపాయాన్ని ‘జీరో-ఈటీఎల్’ అనే పేరుతో ప్రకటించినది. అదే నెలలో ఆ సంస్థ హైదరాబాదు క్లౌడ్ కేంద్రం కూడా ప్రారంభమైనది.

## ఒక ఉదాహరణ: కంకిపాడు

కంకిపాడు కృష్ణా జిల్లాలో, విజయవాడ నుండి మచిలీపట్నం వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న మండల కేంద్రం. ఇక్కడ సబ్ రిజిస్ట్రారు కార్యాలయం కలదు. అటువంటి కార్యాలయంలో జరిగే పనిని ఊహించుకొంటే రెండు వ్యవస్థల అవసరం సులభంగా తెలుస్తుంది. క్రింద చెప్పినది అవగాహన కొరకు మాత్రమే. ఏ శాఖ కంప్యూటరు వ్యవస్థ నిర్మాణాన్నీ ఇది వర్ణించదు.

ఒక రైతు 1 ఎకరం 20 సెంట్ల మాగాణిని అమ్మినాడనుకొందాం. దస్తావేజు సంఖ్య, తేదీ, సర్వే నంబరు, విస్తీర్ణం, విలువ, స్టాంపు డ్యూటీ, అమ్మినవారి, కొన్నవారి వివరాలు నమోదవుతాయి. ఇది ఒక లావాదేవీ. అదే భూమిని అదే సమయంలో మరొకరి పేరున వ్రాయకుండా చూడడం, రుసుము అందిన తరువాతనే సంఖ్య ఇవ్వడం లావాదేవీల డేటాబేసు బాధ్యత.

ఇప్పుడు వేరొక ప్రశ్న: గడచిన పదేళ్ళలో కంకిపాడు మండలంలో ఎంత మాగాణి చేతులు మారినది? అందులో ఎంత భాగం ఇళ్ళ స్థలాలుగా తిరిగి అమ్ముడైనది? ఈ ప్రశ్నకు ఒక్క దస్తావేజు చాలదు. పదేళ్ళ దస్తావేజులన్నీ కావాలి, భూమి స్వభావం తెలిపే రెవెన్యూ రికార్డులు కూడా కావాలి. సేద్యపు భూమి ఎకరాలు, సెంట్లలోను, ఇళ్ళ స్థలం చదరపు గజాలలోను వ్రాయబడి ఉంటుంది. ఒక ఎకరానికి 4,840 చదరపు గజాలు, ఒక సెంటుకు 48.4 చదరపు గజాలు. పై ఉదాహరణలోని 1 ఎకరం 20 సెంట్లు 5,808 చదరపు గజాలకు సమానం. ఈ మార్పు చేయకుండా రెండు రకాల అంకెలను కూడితే వచ్చే మొత్తానికి అర్థం ఉండదు. ఇటువంటి సవరణలు జరగవలసిన చోటు అనుసంధాన ప్రక్రియ.

## అనుసంధాన పద్ధతులు

* విడతల వారీ తరలింపు: ప్రతి రాత్రి, లేదా కొన్ని గంటలకొకసారి కొత్త వరుసలను తీసి వేర్‌హౌస్‌కు పంపుతారు. తీయడం, మార్చడం, నింపడం అనే మూడు దశలుండుట వలన దీనిని ఈటీఎల్ అంటారు. ముందు నింపి, తరువాత వేర్‌హౌస్‌లోనే మార్చితే ఈఎల్‌టీ అంటారు. ఇది సులభమైన పద్ధతి. అయితే ‘చివరగా మార్చిన సమయం’ ఆధారంగా కొత్త వరుసలను గుర్తించినపుడు, పూర్తిగా తొలగించబడిన వరుసలు దీనికి కనిపించవు. అవి వేర్‌హౌస్‌లో అలాగే మిగిలిపోతాయి.

* మార్పుల సేకరణ: డేటాబేసు వ్రాసుకొనే చిట్టాను చదివి, ప్రతి చేర్పు, సవరణ, తొలగింపు జరిగిన క్రమంలోనే పంపుతారు. పాతకాలపు వర్తకులు రోజు వ్యవహారాలను ముందు చిట్టాలో వ్రాసి, పిమ్మట ఖాతాల వారీగా ఆవర్జాకు ఎక్కించిన పద్ధతి వంటిదే ఇది. మైఎస్‌క్యూఎల్‌లో ఈ చిట్టాను బైనరీ లాగ్ అని, పోస్ట్‌గ్రెస్‌లో రైట్-అహెడ్ లాగ్ అని అంటారు. డెబీజియం, అపాచీ కాఫ్కా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఇందుకు ఉపయోగపడతాయి.

* నేరు అనుసంధానం: క్లౌడ్ సంస్థే డేటాబేసు నుండి వేర్‌హౌస్‌కు మార్పులను పంపుతుంది. జీరో-ఈటీఎల్ అనే పేరు ఉన్నప్పటికీ, శుభ్రపరచవలసిన పని సున్నా కాదు. తరలించే భారం మాత్రమే తగ్గుతుంది. కొలమానాలు, పేర్లు, సంకేతాలు సరిచేయుట అప్పటికీ మిగిలి ఉంటుంది.

* దూరపు ప్రశ్న: సమాచారాన్ని తరలించకుండా, వేర్‌హౌస్ నుండే డేటాబేసును ప్రశ్నిస్తారు. చిన్న పట్టికలకు ఇది చాలు. పెద్ద పట్టికలపై వాడితే మొదట చెప్పిన సమస్యే, అనగా కౌంటరు వద్ద ఆలస్యం, తిరిగి వస్తుంది. ఈ ప్రశ్నలను అసలు డేటాబేసుకు బదులు దాని నకలుకు పంపడం ద్వారా ఆ భారాన్ని తగ్గిస్తారు.

## పని జరిగే క్రమం

మార్పుల సేకరణ పద్ధతిలో మొదట పాత సమాచారమంతటికీ ఒక పూర్తి నకలు తీస్తారు. ఆ నకలు తీసిన క్షణంలో చిట్టాలో ఏ స్థానం ఉన్నదో గుర్తుపెట్టుకొని, అక్కడ నుండి మార్పులను చదవడం మొదలుపెడతారు. ఈ స్థానం ముందుకు జరిగితే మధ్యలోని మార్పులు పోతాయి. వెనుకకు జరిగితే కొన్ని మార్పులు రెండుసార్లు వస్తాయి. రెండవది కొంత మేలు. ప్రతి వరుసకు దస్తావేజు సంఖ్య వంటి ప్రత్యేకమైన గుర్తు ఉన్నచో, రెండవసారి వచ్చిన మార్పు అదే వరుసపై పడుతుంది, లెక్క రెట్టింపు కాదు. అందువలన ‘ఎన్నిసార్లు చేసినా ఒకే ఫలితం’ అనే గుణం ఉండేటట్లు ఈ ప్రక్రియను నిర్మిస్తారు.

చదివే కార్యక్రమం ఆగిపోతే కలిగే చిక్కు కూడా ఉన్నది. పోస్ట్‌గ్రెస్‌లో చదివేవారి కొరకు ‘రెప్లికేషన్ స్లాట్’ ఏర్పాటు చేసినపుడు, వారు చదివేవరకు చిట్టా భాగాలు చెరపకుండా ఉంచబడతాయి. పరిమితి విధించని పక్షంలో అవి పేరుకొని డిస్కును నింపివేయగలవు. అప్పుడు విశ్లేషణ కొరకు చేసిన ఏర్పాటు వలన అసలు లావాదేవీలే నిలిచిపోతాయి. చిట్టా ఎంత వెనుకబడి ఉన్నదో నిరంతరం గమనించడం ఇందువలన అవసరం.

సమయం విషయంలో కూడా జాగ్రత్త అవసరం. క్లౌడ్ యంత్రాలు సాధారణంగా అంతర్జాతీయ ప్రామాణిక సమయాన్ని వాడతాయి. భారత ప్రామాణిక సమయం దానికంటే 5 గంటల 30 నిముషాలు ముందుంటుంది. సవరించనిచో, అర్ధరాత్రి నుండి తెల్లవారుజామున 5.30 వరకు ఆన్‌లైన్‌లో చెల్లించిన రుసుములు ముందురోజు లెక్కలో పడతాయి. ఏప్రిల్ 1వ తేదీ తెల్లవారుజామున చెల్లించిన సొమ్ము గత ఆర్థిక సంవత్సరంలో కనిపిస్తుంది.

## జిల్లాల విభజన - మారే వివరాల సమస్య

వేర్‌హౌస్‌లో సమాచారాన్ని రెండు రకాల పట్టికలలో అమరుస్తారు. జరిగిన సంఘటనలు, వాటి కొలతలు ఉండేది వాస్తవాల పట్టిక. తేదీ, స్థలం, వ్యక్తి వంటివి ఉండేవి వివరాల పట్టికలు. మధ్యలో ఒకటి, చుట్టూ అనేకం ఉండుట వలన దీనిని నక్షత్ర నమూనా అని పిలుస్తారు.

వివరాలు కాలక్రమంలో మారుతాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్ర ప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 జిల్లాలుగా పునర్వ్యవస్థీకరించబడినవి. పూర్వపు కృష్ణా జిల్లా నుండి విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా ఏర్పడినది. కొన్ని మండలాలు ఏలూరు జిల్లాలో చేరినవి. కంకిపాడు మచిలీపట్నం కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలోనే కొనసాగినది, కాని దాని రెవెన్యూ డివిజను విజయవాడ నుండి కొత్తగా ఏర్పడిన ఉయ్యూరుకు మారినది.

ఈ మార్పును నమోదు చేయుటకు రెండు ముఖ్య మార్గాలున్నాయి. మొదటిది, పాత విలువను చెరిపి కొత్తది వ్రాయడం. అలా చేస్తే 2015లో విజయవాడ నగరంలో జరిగిన రిజిస్ట్రేషన్లు కూడా ఎన్టీఆర్ జిల్లా క్రింద కనిపిస్తాయి. నేటి సరిహద్దులతో గతాన్ని పోల్చుటకు ఇది అనుకూలం, కాని 2015లో కృష్ణా జిల్లాకు చూపిన ఆదాయంతో ఇది సరిపోలదు. రెండవది, పాత వరుసను అలాగే ఉంచి ‘ఎప్పటి నుండి’, ‘ఎప్పటి వరకు’ అనే తేదీలతో కొత్త వరుసను చేర్చడం. దీనివలన చరిత్ర నిలుస్తుంది. అయితే కేవలం ‘కృష్ణా జిల్లా’ అనే పేరుతో 2021ని, 2023ని పోల్చితే భూముల అమ్మకాలు ఒక్కసారిగా పడిపోయినట్లు కనబడుతుంది. పడిపోయినది అమ్మకాలు కాదు, జిల్లా విస్తీర్ణం తగ్గినది. అందుచేత మండలం లేదా గ్రామం వంటి చిన్న విభాగాన్ని స్థిరమైన సంకేతంతో నమోదు చేసి, జిల్లా మొత్తాలను దాని నుండి కట్టడం మేలైన పద్ధతి.

## సరిచూచుట

తరలింపు దోషం లేకుండా పూర్తయినదని కంప్యూటరు తెలిపినంత మాత్రాన లెక్క సరిపోయినట్లు కాదు. ప్రతిరోజు కార్యాలయం వారీగా మూల డేటాబేసులోని వరుసల సంఖ్యను, రుసుముల మొత్తాన్ని వేర్‌హౌస్‌లోని వాటితో సరిచూడాలి. సంఖ్య సరిపోయి మొత్తం తేడా వస్తే విలువలు మారినవని, రెండూ తేడా వస్తే వరుసలు తప్పిపోయినవని, లేదా రెండుసార్లు చేరినవని ఊహించవచ్చు. సమాచారం ఏ సమయం వరకు తాజాగా ఉన్నదో నివేదికపై వ్రాయడం కూడా మంచి ఆచారం.

వేర్వేరు శాఖల పట్టికలను వ్యక్తి పేరుతో కలిపినప్పుడు సమస్య మరింత క్లిష్టమవుతుంది. తెలుగువారి ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరొకచోట పొడి అక్షరంగా, ఒకచోట పేరుకు ముందు, మరొకచోట తరువాత వ్రాయబడుతుంది. ఆంగ్ల లిపిలోకి మార్చినపుడు వేంకటేశ్వరరావు వంటి పేరు అనేక రూపాలు పొందుతుంది. ఒకే ఊరిలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు గలవారు పలువురు ఉండవచ్చు. యంత్రం వీరిని ఒకరిగా భావిస్తే, ఒకరి కారు లేదా పొలం మరొకరి ఖాతాలో చేరుతుంది.

## ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో

రిజిస్ట్రేషను కార్యాలయాలను కంప్యూటరీకరించిన ‘కార్డ్’ పథకం 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లోని 214 కార్యాలయాలలో ప్రారంభమైనది. చేతివ్రాత పుస్తకాలు తిరగవేసి రోజుల తరబడి ఇచ్చే ఈసీలను దీనివలన నిముషాలలో ఇవ్వడం సాధ్యమైనది. విజయవాడ నగర పాలక సంస్థ 1998 జూన్‌లో ‘వాయిస్’ అనే పథకాన్ని మొదలుపెట్టి ఇంటి పన్ను, నీటి పన్ను, జనన మరణ ధ్రువపత్రాల వంటి సేవలను కౌంటర్ల ద్వారా అందించినది. ఇవి ప్రధానంగా లావాదేవీల వ్యవస్థలు.

తరువాతి కాలంలో వివిధ శాఖల సమాచారాన్ని ఒకచోట చేర్చి విశ్లేషించే ప్రయత్నాలు జరిగాయి. ఆంధ్ర ప్రదేశ్‌లో 2015లో చౌకధరల దుకాణాలలో ఈ-పాస్ యంత్రాలు ప్రవేశపెట్టిన తరువాత ప్రతి రేషను పంపిణీ వెనువెంటనే నమోదగుట మొదలైనది. 2016లో ప్రజా సాధికార సర్వే జరిగినది. 2017లో రియల్ టైమ్ గవర్నెన్స్ సొసైటీ ఏర్పడినది. ఆ ఏడాది నవంబరులో వెలగపూడి సచివాలయంలో దాని కేంద్రం ప్రారంభమైనది.

తెలంగాణలో వివిధ శాఖల వివరాలను వ్యక్తుల, కుటుంబాల వారీగా కలిపే ‘సమగ్ర వేదిక’ రూపొందించబడినది. ఆ రాష్ట్రంలో రద్దయిన రేషను కార్డులపై దాఖలైన వ్యాజ్యంలో, క్షేత్రస్థాయి విచారణ లేకుండా, కంప్యూటరు ఇచ్చిన ఫలితాల ఆధారంగా కార్డులు తొలగించారని పిటిషనుదారు వాదించారు. సుమారు 19 లక్షల కార్డుల విషయంలో క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలన జరపవలసినదిగా సుప్రీం కోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించినది. వేర్‌హౌస్‌లో వచ్చిన పోలికను విచారణకు ప్రారంభంగా మాత్రమే తీసుకోవాలని, తుది తీర్పుగా భావించరాదని ఈ అనుభవం సూచిస్తున్నది. విశ్లేషణ ఫలితం నుండి మూల నమోదు వరకు వెనుకకు వెళ్ళి చూచే మార్గం ఉన్నప్పుడే నష్టపోయిన వ్యక్తికి జవాబు చెప్పగలరు.

## గోప్యత

లావాదేవీకి అవసరమైన వివరాలన్నీ విశ్లేషణకు అవసరం కావు. మండలం వారీగా విస్తీర్ణం లెక్కించుటకు కొన్నవారి పేరు, ఫోను నంబరు, ఆధార్ సంఖ్య అక్కరలేదు. వీటిని తరలింపు సమయంలోనే వదలివేయడం, లేదా గుర్తుపట్టలేని సంకేతంగా మార్చడం మంచిది. భారతదేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో ఆమోదం పొందినది. దాని నియమావళి 2025 నవంబరులో ప్రకటించబడినది. మూల డేటాబేసులో చెరిపిన వ్యక్తిగత వివరాలు వేర్‌హౌస్‌లోను, దాని నకళ్ళలోను మిగిలిపోకుండా చూడవలసి ఉంటుంది.

## పరిమితులు

ప్రతి సంస్థకు డేటా వేర్‌హౌస్ అవసరం లేదు. కొన్ని వేల వరుసలు మాత్రమే ఉన్న సహకార సంఘానికో, పాఠశాలకో డేటాబేసు నకలుపై నివేదికలు తయారుచేసుకొనుట చాలు. క్లౌడ్ వేర్‌హౌస్‌లలో చదివిన సమాచార పరిమాణం, లేదా యంత్రాలు నడిచిన కాలాన్ని బట్టి రుసుము ఉంటుంది కనుక, జాగ్రత్త లేని ఒక ప్రశ్న కూడా ఖర్చును పెంచగలదు. నిమిషానికొకసారి తాజాపరచుట అన్ని పనులకూ అవసరం కాదు. నెలకొకసారి చూచే నివేదికకు రాత్రి పూట జరిగే తరలింపు సరిపోతుంది. ఏ ప్రశ్నకు జవాబు కావాలో ముందుగా నిర్ణయించుకొన్న తరువాతనే పద్ధతిని ఎన్నుకొనుట ఉత్తమం.

## ఇవి కూడా చూడండి

* డేటాబేసు
* క్లౌడ్ కంప్యూటింగ్
* ఈ-పరిపాలన
* కంకిపాడు
* కృష్ణా జిల్లా